మేస్త్రీ కట్టిన తేలిక బండి

మొన్న సోమవారం పొద్దున స్టూడియో గేటు ముందు లైట్లు ఎక్కిస్తుంటే టోలిచౌకి నుంచి ఫోన్. బండ్లకు బాడీలు కట్టే మా మేస్త్రీ కూతురు. "అన్నా, నాయిన పోయిండు. నిద్రలనే పోయిండు," అంది. చేతిలోని స్టాండు కింద పెట్టి, బండి అంచు పట్టుకున్నాను. ఆ అంచు ఆయన మలిచిందే.

ఫిల్మ్ నగర్‌లో షూటింగులకు లైట్లు తోలే పికప్ నాది. మొదట్లో దానికి ఇనుప బాడీ ఉండేది. ఖాళీగా ఉన్నా ఎత్తు ఎక్కడానికి రొప్పేది. ఎవరో చెబితే మేస్త్రీ షెడ్డుకు వెళ్లాను. ఆయన వేళ్ల కణుపులతో బాడీని రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి విన్నారు. ఏ బండి వచ్చినా అంతే, ముందు వినేవారు.

"బండి ముందుగాల మోసేది తన బరువునే బిడ్డా. గది తగ్గితేనే మంది సామాను మోస్తది."

ఇనుము విప్పి అల్యూమినియం బాడీ కట్టారు. తర్వాత కాంటా మీద ఖాళీ బండిని తూయించారు. మునుపటికంటే ముగ్గురు మనుషుల బరువంత తగ్గింది. "ఎంత తగ్గిందో గంతే ఎక్కువ ఎక్కించు. ఒక్క పెట్టె గూడ మించొద్దు," అన్నారు.

నేను మించాను. వారం తిరక్కుండానే ఒక పాట షూటింగుకి లైట్ల మీద దుస్తుల ట్రంకులు కూడా పేర్చాను. జూబ్లీ హిల్స్ వాలు దిగబోతుంటే, అటుగా వెళ్తున్న మేస్త్రీ నా బండి చూసి స్కూటర్ అడ్డం పెట్టారు. కిందికి వంగి, బండి బరువు మోసే కమాన్ పట్టీలు అణిగిపోయి ఉండటం చూశారు.

"దించు."

"మేనేజర్ ఒకటే ఫోన్లు బాబాయ్! బాడీ తేలికే కదండీ?"

"బాడీ తేలికైంది. బ్రేకులు గవే, టైర్లు గవే."

నాతో వాదించకుండా స్కూటర్ పక్కన నిలిపి, ఒక ఆటోని ఆపి ట్రంకులు అందులోకి ఎక్కించి, వాటి పక్కన తనే ఇరుక్కుని కూర్చున్నారు. నేను రుసరుసలాడుతూ బండి కదిలించాను. వాలు సగంలో ఒక గేటులోంచి కారు వెనక్కి వచ్చేసింది. బ్రేకు తొక్కాను. జానెడు దూరంలో ఆగింది బండి. కారు కిటికీలో ఒక పెద్దావిడ, ఒళ్లో పసిపాప. ఇంజను ఆపి కిందికి దిగాను. వెనకే వచ్చిన మేస్త్రీ ఆటో దిగి నీళ్ల సీసా అందించారు. అప్పుడూ, తర్వాత ఇన్నేళ్లలోనూ ఎన్నడూ ఎత్తిపొడవలేదు.

ఆ రోజు ఆయన్ని షూటింగు చూసి వెళ్లమని బతిమాలాను. పాటలో హీరో మా బండి మీదికే ఎక్కి గంతులేశాడు. మేస్త్రీ చూపంతా అతని కాళ్ల కిందే.

"ఎలా చేశాడు బాబాయ్?"

"నాలుగు రివిట్లు వదులు చేసిండు."

మర్నాడే వచ్చి, రేకును పట్టి ఉంచే ఆ రివిట్లను బిగించి వెళ్లారు. ఆ బాడీ మీదే మా ఇల్లు నడిచింది. నన్ను చూసి తోటి డ్రైవర్లు ఒక్కొక్కరూ ఆయన షెడ్డు దారి పట్టారు. ఎవరు మెచ్చుకున్నా ఆయన, "రేకు మంచిది," అని తప్పుకునేవారు.

ఆఖరిసారి చూసింది పోయిన నెలలో, స్టూడియో పక్క టీ కొట్టు దగ్గర. హఠాత్తుగా వాన. అందరం పందిరి కిందికి పరుగెత్తాం. ఆయన మాత్రం గ్లాసుతో నా బండి వెనకే నిలబడిపోయారు. రేకు మీద చినుకులు టపటపమంటున్నాయి. బాడీ అడుగు మూలల్లో, నీళ్లు నిలవకుండా ఆయన వేసిన చిన్న రంధ్రాల్లోంచి నీళ్లు సన్నటి ధారలుగా రోడ్డు మీదికి జారుతున్నాయి. ఆయన అరచేయి చాచి ఒక ధారను పట్టారు. గ్లాసులోకి వాన పడుతున్నా గమనించకుండా, తనలో తాను నవ్వుకుంటూ.