మూడు పిలుపులు

మా నాన్న కోర్టులో బంట్రోతు. కేసు విచారణకు రాగానే వరండాలోకొచ్చి కక్షిదారుల పేర్లు మూడుసార్లు కేకెయ్యడం ఆయన పని. ఆ గొంతు గేటు బయట టీకొట్టు దాకా వినిపించేది. "కలెక్టరైనా, రిక్షా తొక్కేవోడైనా నాను పిలిసేది మూడుసార్లే. కోర్టుకి అందరూ ఒకటే" అని అన్నం తింటూ చెప్పేవాడు. నేను నమ్మాను. ఇంటర్ చదివే రోజుల్లో కూడా నమ్మానంటే నా తెలివికి దండం పెట్టాలి.

జాలరిపేట నుంచి మా వీధికి చేపలు తెచ్చే ఒకావిడ ఉండేది. నేను పెద్దమ్మా అనేదాన్ని. నాన్న అప్పా అనేవాడు. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. గాజువాకలో ఉండే ఓ కాంట్రాక్టరు ఆవిడ గుడిసె ఉన్న జాగా తనదన్నాడు. నాన్నే ప్లీడరుని చూపించి ఆవిడ చేత కేసు వేయించాడు. కేసు తేలేదాకా గుడిసె జోలికి ఎవరూ వెళ్లకూడదని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. ఇక ప్రతి వాయిదాకీ ఆవిడ చేపల బుట్ట మానుకుని, పొద్దున్నే వచ్చి వరండాలో కూర్చునేది. ప్లీడరు ఏ పక్క కోర్టులోనో ఉండేవాడు. పిలుపు వినగానే పరిగెత్తి ఆయన్ని లాక్కురావడం ఆవిడ వంతు. పిలిచినప్పుడు పలకకపోతే కేసు పోతుందని ఆవిడకి నేర్పింది కూడా నాన్నే.

ఎనభైలు మొదలైన కొత్తలో ఓ మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ తీసుకెళ్లి, ఆవిడ పక్కనే కూర్చున్నాను. నాన్న బయటికొచ్చి ఎవరో అన్నదమ్ముల పేర్లు కేకేశాడు. చూరు మీద పావురాలు లేచిపోయాయి.

"మీ నాన్న పిలిత్తే సచ్చినోడు కూడా లేసొత్తాడు పాపా" అని నవ్వింది ఆవిడ.

కాసేపటికి నాన్న మళ్లీ వచ్చాడు. మా వైపు చూడలేదు. అవతలి గోడ వైపు తిరిగి, మూడుసార్లు ఏదో గొణిగి లోపలికెళ్లిపోయాడు. గోడలకి చెవులుంటాయంటారు, వాటికి వినిపించిందేమో. ఆయన పెదాలు కదిలిన తీరుని బట్టి అది ఆవిడ పేరేనని నాకు తెలిసిపోయింది. తెలిసీ, మళ్లీ వచ్చి గట్టిగా పిలుస్తాడులే అని కూర్చున్నాను.

ఎంతకీ పిలుపు రాక ఆవిడ గుమాస్తాని అడిగింది. పిలిస్తే పలకలేదు గనక కేసు కొట్టేశారన్నాడు. దాంతోపాటే ఉత్తర్వూ పోయింది. ఆవిడ తిన్నగా నాన్న దగ్గరికొచ్చింది.

"నాను ఇక్కడే కూకున్నాను గదా బాబూ. ఎప్పుడు పిలిసేవు?"

"మూడుసార్లు పిలిసేనప్పా. మా పాప నీ పక్కనే ఉంది గదా, దాన్నడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. నాన్న కళ్లలో బెదిరింపేమీ లేదు, బతిమాలుతున్నాడు. బెదిరించినా బాగుండేది, ఎదురు తిరిగేదాన్నేమో.

"పిలిచాడు పెద్దమ్మా" అన్నాను.

అబద్ధం కాదుగా అని ఇన్నేళ్లుగా నాకు నేనే ప్లీడరీ చేసుకుంటున్నాను.

ఆవిడ కాసేపు నా మొహం చూసి, "నువ్వు సెప్తే నిజమే అయ్యుంటాది. నా సెవులకేటో అయినాది" అంది.

ఆ సాయంత్రమే కాంట్రాక్టరు మనుషులు గుడిసె పీకేశారు. కేసు మళ్లీ తెరిపిస్తానన్నాడు ప్లీడరు. కేసు తెరిపిస్తాడు సరే, గుడిసె ఏదీ?

పై నెలలో ఆ కాంట్రాక్టరు దగ్గరే, ఉక్కు ఫ్యాక్టరీ కట్టే పనుల్లో, మా అన్నయ్యకి ఉద్యోగం వచ్చింది. అమ్మ పాయసం వండింది. కంచే చేను మేసిందని నాకప్పుడు అర్థమైంది.

"అందరికీ మూడుసార్లేనా నాన్నా?" అన్నాను.

"మూడుసార్లే పిలిసేను" అన్నాడు, తలెత్తకుండా.

ఆయన ఆవిడని మోసం చేశాడు, నా నోటితో చేయించాడు. పోయేదాకా ఆయనకి సేవ చేశాను గానీ, ఆ పని మాత్రం క్షమించలేదు.

ఆవిడ చెల్లెలి పంచన చేరి, మళ్లీ మా వీధికి చేపలు తెచ్చేది. గుమ్మంలో బుట్ట దించి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా నోటి వైపు చూసేది.

"గట్టిగా సెప్పు పాపా, నాకు ఇనపడదు గదా."

ఆవిడ చెవులు శుభ్రంగా ఉన్నాయని నాకు తెలుసు. అయినా ప్రతిసారీ గట్టిగానే చెప్పేదాన్ని.