మజ్జిగ డ్రమ్ము వంచేసిన నర్సమ్మ

మొన్న మంగళవారం కల్లంలో మిరపకాయలు ఏరుతుండగా ఫోన్ వచ్చింది, మా నర్సమ్మ పోయారని. రెండేళ్ల కిందట రిటైరై నరసరావుపేటలో కూతురి దగ్గర ఉంటున్నారు. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నావిడ అలాగే వెళ్లిపోయారట. నేను కాయల పక్కనే కూలబడి ఏడ్చాను.

నకరికల్లు దగ్గర మా ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా ఏఎన్‌ఎంగా చేశారు. ఆ ఉద్యోగం పేరు మాకు నోరు తిరగదు, అందుకని అందరికీ నర్సమ్మే. ఆదివారం చర్చి తప్పని మనిషి. అయినా మా అమ్మవారి తిరునాళ్లకు అందరికంటే ముందు వచ్చేది ఆవిడే. దర్గా ఉరుసుకూ అంతే, తమ చర్చి సువార్త సభలకూ అంతే. స్కూటీ ముందు బ్లీచింగ్ సంచి పెట్టుకుని దిగేవారు. ప్రతి డ్రమ్ములోంచీ కాసిని నీళ్లు గాజు గొట్టంలో పట్టి, మందు చుక్కలు వేసి, క్లోరిన్ సరిపోయినట్టు పసుపు రంగు తిరిగితేనే జనాన్ని తాగనిచ్చేవారు. "దేవుడు చూసుకుంటాడులేమ్మా" అని ఎవరైనా అంటే, "చూసుకుంటాడు. నీళ్లు మాత్రం నన్ను చూడమన్నాడు" అనేవారు. పూజారి గారు కూడా నవ్వేసేవారు.

నాకు మాత్రం ఆవిడంటే ఒళ్లు మంట. వచ్చిన దగ్గర్నుంచీ వంకలు పెడుతుందని.

నాలుగేళ్ల కిందట తిరునాళ్లకు మా పొదుపు సంఘం ఆడవాళ్లం చలివేంద్రం పెట్టాం. పెత్తనం నాది. నీళ్లు ఆవిడకు చూపించి సరే అనిపించుకున్నాం. ఆవిడ అటు వెళ్లగానే, ఎండ మండిపోతోంది కదా, జనం చల్లగా తాగుతారని నేనే టౌను నుంచి ఐసు గడ్డలు తెప్పించి మజ్జిగలో వేయించాను. చేపల పెట్టెల్లో వేసే ఐసు అది. ఏ నీళ్లతో చేస్తారో అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. జనం ఎగబడి తాగుతుంటే పొంగిపోయాను.

మధ్యాహ్నం ఆవిడ మళ్లీ వచ్చి డ్రమ్ములోకి తొంగి చూశారు.

"ఈ ఐసేందే?"

"మజ్జిగ చల్లగా ఉంటుందని వేశామండీ."

"పారబొయ్యి."

"ఏందమ్మా మీరనేది? భక్తులకని చేసింది నేలపాలు చేస్తే పాపం కాదా?"

"ఆ పాపమేందో నాకు తగల్నీ. ముందు పారబొయ్యి."

నేను కదల్లేదు. ఆవిడే డ్రమ్ము వంచేశారు. అంతమందిలో నా పరువు పోయిందని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ మతం కూడా ఎత్తాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

కానీ అప్పటికే చానామంది తాగేశారు. మర్నాటికి ఊళ్లో వాంతులు, విరేచనాలు. కోడలి చలివేంద్రమని మా అత్తయ్య మూడు గ్లాసులు తాగింది. కళ్లు గుంటలు పడి, పిలిస్తే పలకడం లేదు. నర్సమ్మ డాక్టరు గారిని రప్పించి, బడి గదుల్లో మంచాలు వేయించారు. అత్తయ్య పక్కనే కూర్చుని చెంచాతో ఓఆర్ఎస్ నీళ్లు పోస్తూనే ఉన్నారు. "మింగు పెద్దమ్మా, కోడల్ని తిట్టుకోటానికన్నా ఓపిక కావాలిగా" అంటూ. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను, లోపలికి వెళ్లే మొహం లేక.

మూడో రోజుకు అత్తయ్య లేచి కూర్చుంది. ఎవరి ప్రాణమూ పోలేదు. అప్పుడు ఊరంతా నా మీద పడింది. నర్సమ్మ అడ్డం వచ్చారు. "ఐసు సంగతి ముందే చెప్పకపోవటం నాది తప్పు. దాన్నేమీ అనమాకండి" అన్నారు. నేను తిట్టిన తిట్లు ఎవరికీ చెప్పలేదు.

మరుసటేడు మొండికేసి మళ్లీ చలివేంద్రం పెట్టాం. ఐసు లేదు, మజ్జిగ కుండల్లో పోశాం. పొద్దున్నే ఆవిడ నీళ్లు చూసి వెళ్లారు. అయినా మా పందిరి కనపడగానే జనం పక్కకు తిరిగి పోతున్నారు. ఒక తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయింది. గరిటె పట్టుకుని నిలబడ్డ నాకు ఏడుపు ఆగలేదు.

ఎండ నడినెత్తికొచ్చేసరికి ఆవిడ వచ్చారు. నా కళ్లు చూశారు. దారి మధ్యలో, అందరికీ కనపడేచోట నిలబడి చెయ్యి చాచారు. గ్లాసు నింపి ఇచ్చాను. ఎత్తి గటగటా తాగేసి, కొంగుతో మూతి తుడుచుకున్నారు.

"ఉప్పు తగ్గిందే. అయినా బాగుంది, ఇంకో గ్లాసు పొయ్యి" అన్నారు, వీధి వీధంతా వినపడేలా.

రెండో గ్లాసు ఆవిడ తాగుతుండగానే, ఆవిడ వెనకాల ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక మరొకరు.