చేతిలో పడేసిన జమ్మి

దసరా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పండగ మీద కాదు, ఒక మనిషి మీద.

మానుకోటలో చిన్న సర్కారు ఆఫీసు మాది. నేను స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ రైల్లో వచ్చేవాణ్ణి, అతను పెద్దవంగర నుంచి బండి మీద. ఇద్దరికీ ముప్ఫై దాటాయి, ఇద్దరికీ పెళ్లి కాలేదు. మా బల్లలు ఎదురెదురుగా ఉండేవి. అతను తల వంచి రాసుకుంటుంటే మెడ మీద చెమట కనిపించేది, నా రాత ఆగిపోయేది. బయ్యారం వైపు పని పడిందంటే ఒకే బండి, వెనక నేను. ఒకసారి తిరుగుదారిలో వాన పట్టుకుంది. మూసేసిన హోటల్ రేకుల కింద నిలబడ్డాం. చెయ్యి తనే పట్టుకున్నాడు. ముద్దు తనే పెట్టాడు.

"నువ్వు రాని రోజు ఆఫీసుల నాకు ఊపిరాడది" అన్నాడు. మొదలుపెట్టింది నేను కాదు, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

ఏడాది బాగానే గడిచింది. ఒకనాడు ఒకే డబ్బాలో తింటున్న మమ్మల్ని చూసి మా సూపరింటెండెంటు, "ఏందయ్యా, ఆలుమొగల లెక్క గా తినుడు? మీ ఇద్దరికే లగ్గం జేస్తే అయిపాయె" అని నవ్వాడు. ఆయన చెయ్యి కడుక్కునే లోపే మర్చిపోయాడు. అతను మర్చిపోలేదు. మరునాటి నుంచి వేరే కూర్చుని తిన్నాడు. నన్ను బయ్యారానికి బస్సులో పొమ్మన్నాడు. ఎందుకని అడిగితే, "జర సమజ్ చేస్కో" అన్నాడు. ఏం సమజ్ చేసుకోవాలి, నా తలకాయ!

పండగ సెలవులయ్యాక ఆఫీసులో జమ్మి పంచుకోవడం మా ఆనవాయితీ. ఆకును బంగారమని చేతిలో పెట్టి, తోటివాళ్లతో అలాయ్ బలాయ్ తీసుకుంటాం. మగవాడు మగవాణ్ణి అందరి ముందు గట్టిగా కావలించుకున్నా ఎవరూ నవ్వని రోజు అదొక్కటే. సిగ్గు విడిచి చెబుతున్నా, దానికోసమే కాచుకుని కూర్చున్నాను.

అతను అందరినీ కావలించుకున్నాడు, సూపరింటెండెంటుతో సహా. నా దగ్గరికి వచ్చి, చెయ్యి చాచినంత దూరంలో ఆగి, ఆకు నా అరచేతిలో పడేసి తిరిగిపోయాడు. తెలివితక్కువ దద్దమ్మ! కావలించుకుని ఉంటే ఎవరూ చూసేవాళ్లే కాదు. ఆ దూరాన్ని మాత్రం అందరూ చూశారు.

"ఏందయ్యా, గాయినతోని అలాయ్ బలాయ్ తీస్కోవా?" అన్నాడు సూపరింటెండెంటు.

"గాయినకు జరమచ్చింది సార్. నాకు అంటుకుంటది."

జ్వరమట! నా ఒంటి వేడి ఎంతో అతని కంటే ఎవరికి తెలుసు? అంటుకుంటుందట!

"నాకేం జరం లేదు సార్" అంటూ లేచి వెళ్లి కావలించుకున్నాను. ప్రేమతో కాదు, మంటతో. అతని చేతులు లేవలేదు. గుండె మాత్రం నా ఛాతీకి దడదడా తగులుతోంది. మా మధ్య ఏదో పంచాయితీ ఉండి తెగిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. "దోస్తులు కలిసిన్రు" అన్నారెవరో.

"ఇడిసిపెట్టు. నీ కాళ్లు మొక్కుత" అన్నాడు అతను నా చెవిలో.

విడిచిపెట్టాను. కొన్నాళ్లకే అడిగి మరీ భూపాలపల్లికి బదిలీ చేయించుకున్నాడు. పాపం, భయపడ్డాడనుకోవచ్చు. ఆఫీసువాళ్లకు భయపడితే నేనేమీ అనను, నాకూ భయమే. కానీ కాళ్లు మొక్కుతానని అతను బతిమాలింది వాళ్లను కాదు, నన్ను.