పాఠంలో పుట్టిన పాప

ఒంటరి మగాడికి జగ్గయ్యపేటలో గది అద్దెకివ్వరు. చేతిలో ట్రంకుపెట్టె, చంకలో పరుపుచుట్టతో ఊరంతా తిరిగాక ఆ సంగతి నాకు అర్థమైంది. ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న, "ఫ్యామిలీ ఉందాండీ?" అని. లేదంటే తలుపు మర్యాదగానే మూసేవారు. హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టర్నని చెప్పుకున్నా మళ్ళీ తెరిచేవారు కాదు.

పొద్దు వాలే వేళకి బజారు వెనక ఒక కిరాణా షావుకారుగారి ఇంటి ముందు నిలబడ్డాను. ఆయన తల్లి, పెద్దావిడ, అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది.

"ఫ్యామిలీ ఉందా నాయనా?" అంది.

కాళ్ళు పీకుతున్నాయి. "ఉందండీ" అన్నాను.

"ఎక్కడా?"

సరిగ్గా అప్పుడే వీధి చివర నందిగామ వెళ్ళే బస్సు హారను కొట్టింది. "నందిగామలోనండీ. పుట్టింట్లో ఉంది. ఆషాఢం కదా, అది వెళ్ళగానే తీసుకొస్తా" అన్నాను.

గది దొరికింది. పరుపు పరుచుకుని పడుకున్నాక నాకే నవ్వొచ్చింది. లేని పెళ్ళాన్ని పుట్టించేవాడు ఏ బరంపురంలోనో, బళ్ళారిలోనో పుట్టించాలి గానీ, బస్సెక్కి కునుకు తీసేలోపు వచ్చేసే ఊళ్ళోనా? కానీ కొత్తగా పెళ్ళైనవాణ్ణి, ఆవిణ్ణి అంత దూరాన ఉంచడానికి నా మనసే ఒప్పుకోలేదు.

ఆషాఢం వెళ్ళింది. మొదటి శ్రావణం, నోము పుట్టింట్లోనే పట్టాలన్నాను. భాద్రపదం శూన్యమాసం. ఆ పైన మూఢం. నాకు మన పంచాంగం మీద అంత గౌరవం అంతకుముందెప్పుడూ లేదు. అది కూడా అయిపోయేసరికి ఆవిడకి నెల తప్పించాను. ఇక పురిటిదాకా ఢోకా లేదు.

అయితే భార్యన్నాక చూడ్డానికి వెళ్ళాలి కదా. అప్పుడప్పుడూ ఆదివారం పూట బట్టలు ఇస్త్రీ చేయించుకుని, మూర పూలు పొట్లం కట్టించుకుని, పెద్దావిడ కళ్ళ ముందే నందిగామ బస్సెక్కేవాణ్ణి. దిగాక వెళ్ళడానికి ఇల్లేదీ? బస్సులు ఆగే చోట చెట్టు కింద ఒక సిమెంటు బెంచీ ఉండేది. అదే మా అత్తవారిల్లు. హోటల్లో ఇడ్లీ తిని, బెంచీ మీద పేపరు చదువుకుని, సాయంత్రం పూలు అక్కడే వదిలేసి తిరుగు బస్సెక్కేవాణ్ణి. ఇప్పుడు నేను నందిగామలోనే ఉద్యోగం చేస్తున్నాను. ఆ బెంచీ తీసేశారు. అత్తవారు ఊరొదిలి వెళ్ళిపోయినట్టనిపించింది.

అసలు సంగతి పాఠం గురించి. షావుకారుగారి అరుగు మీద రోజూ సాయంత్రం ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. నాకున్నది ఇద్దరు శిష్యులు. ఒకరు షావుకారుగారే. మద్రాసు మండీలవాళ్ళకి ఉత్తరాలు తన చేత్తో తనే రాయాలని ఆయన పట్టుదల. రెండోవాడు ఆసుపత్రి కాంపౌండరు. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి, ఇంగ్లీషులో పోయి, మళ్ళీ కడుతున్నాడు. చెరో పలకా, మధ్యలో ఒక హరికేన్ లాంతరూ, గోడకి నా నల్లబల్లా.

ముందు విడి వాక్యం నేర్పాను. ఒక కర్త, ఒక క్రియ, చివర చుక్క. పుస్తకంలో ఉన్నట్టు సూర్యుడు ఉదయించుననీ, ఆవు పాలిచ్చుననీ రాయిస్తే కాంపౌండరు ఆవలించాడు. అందుకని సొంత సరుకు దించాను. పాలేరు వాగు పొంగిన రోజు మా బస్సు వరదలో తేలుతూ వచ్చిందనీ, కండక్టరు టాపెక్కి తెడ్డు వేశాడనీ, ఒక మొసలి అర టిక్కెట్టడిగిందనీ ఒక్కో ముక్కా ఒక్కో వాక్యంగా రాయించేవాణ్ణి. తెలుగులో అయితే నమ్మేవారు కాదు. ఇంగ్లీషులో రాసేసరికి ఇద్దరూ తలలూపేవారు.

చిక్కల్లా రెండు వాక్యాలు కలపడం దగ్గర వచ్చింది. "అండ్"తోనో "బట్"తోనో రెంటినీ ముడివెయ్యమంటే షావుకారుగారు పలక పక్కన పెట్టేసేవారు.

"ఎందుకండీ కలపడం? దేని బతుకు అది బతుకుతోందిగా" అనేవారు.

"కలిపితే అందంగా ఉంటుందండీ."

"మా నాన్నగారు ఇలాగే అందంగా ఉంటుందని బావమరిదితో వ్యాపారం కలిపారు. ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నాం. నాకు విడివిడిగానే ఉండనీండి మేష్టారూ."

"విడివిడిగా రాస్తే మద్రాసువాళ్ళు తంతి వచ్చిందనుకుంటారండోయ్!" అనేవాడు కాంపౌండరు.

"నువ్వు ముందు మెట్రిక్ దాటవయ్యా, తర్వాత నన్ను దాటిద్దువుగాని!"

ఇలా వాళ్ళిద్దరూ కీచులాడుకుంటుంటే లోపలి గదిలోంచి పెద్దావిడ నవ్వు వినిపించేది. పాఠం అయ్యాక గిన్నెలో పులుసో కూరో పోసి ఇచ్చేది. ఇంత చిన్న విషయం ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, రోజు మొత్తంలో నాతో మనుషులు మాట్లాడేది ఆ కాసేపే. బడిలో పిల్లలు మాట్లాడేది నాతో కాదు, నా బెత్తంతో. భార్య లేదని తెలిసిందా, గది పోతుంది. గది పోతే ఆ అరుగూ పోతుంది.

చలికాలం, ఎండాకాలం కూడా దాటాక ఒక సాయంత్రం "అండ్" మీద షావుకారుగారికి ఎలాగైనా మోజు కలిగించాలనుకున్నాను. మంచి వాక్యం పక్కన మంచి వాక్యం పెడితే ఎవరికి చేదు? నల్లబల్ల మీద రాశాను, "మై వైఫ్ హాజ్ ఎ డాటర్." పక్కనే "ఐ యామ్ హ్యాపీ." రెంటికీ మధ్య "అండ్" పెట్టి, చేతులు దులుపుకుని వెనక్కి తిరిగాను.

కాంపౌండరు నోరు తెరిచి చూస్తున్నాడు. "ఎప్పుడండీ?"

"ఎప్పుడేమిటి?"

"అదేనండీ, ఆడపిల్ల!"

ఉదాహరణకి రాశానయ్యా అనబోయాను. పిల్ల ఉదాహరణ అయితే, పెళ్ళామూ ఉదాహరణేనా అన్న మాట వస్తుంది. నోరు దానంతటదే పలికింది. "పొద్దున... బస్సు కండక్టరు చేత కబురు పెట్టారు."

షావుకారుగారు చటుక్కున లేచి రెండడుగులు వెనక్కి వేశారు. "అయితే మీకు పురుడు కదండీ! పురుడొచ్చిన మనిషి అరుగెక్కి కూర్చుని, మా పలకలు పట్టుకుని... కబురు విన్నాక తలమీద నీళ్ళయినా పోసుకున్నారా?"

"ఏవిట్రా గొడవ?" లోపల్నించి పెద్దావిడ.

"మేష్టారికి ఆడపిల్లంటమ్మా!"

"ఓరి నా తండ్రే! లక్ష్మీదేవి పుట్టింది!" అంటూ గుమ్మందాకా పరిగెత్తుకొచ్చి, అక్కడే టక్కున ఆగిపోయింది. "ఆ పలకలు ముట్టుకోమాకు. పసుపునీళ్ళు చల్లాలి. ఒరే, నువ్వు స్నానం చేసి మరీ లోపలికి రా!"

కాంపౌండరు చెప్పులు చేతపట్టుకుని, "కంగ్రాచ్యులేషన్సండీ" అని వీధిలోంచి అరిచి వెళ్ళిపోయాడు.

లేని బిడ్డకి నాకు పురుడొచ్చింది. అది పోయేదాకా పాఠం లేదు. నూతి దగ్గరికి రాకూడదు. పనిమనిషి నీళ్ళు తోడి నా బిందెలో ఎత్తు నుంచి పోసేది. పెద్దావిడ పులుసు గిన్నె బదులు ఆకుదొప్పలో పెట్టి గడప అవతల ఉంచి, చప్పట్లు కొట్టి వెళ్ళిపోయేది. దొప్ప తిరిగి ఇవ్వక్కర్లేదు కదా, దాంతో గిన్నె ఇచ్చేటప్పుడు ఆడే రెండు మాటలు కూడా పోయాయి. అందరి మొహాల్లోనూ సంతోషమే. ఎవరూ దగ్గరికి మాత్రం రారు. అలాంటి సంతోషంలో కూర్చుని చూడండి, ఏడుపే నయమనిపిస్తుంది.

బడి నుంచి వచ్చి గది కిటికీలోంచి ఖాళీ అరుగు చూస్తూ కూర్చునేవాణ్ణి. నల్లబల్ల మీద నేను రాసిన వాక్యం అలాగే ఉంది. పురుటివాడు రాసినది తుడవడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. రోజూ దాన్నే చదవగా చదవగా పాప గురించి ఆలోచన మొదలైంది. ఎర్రగా ఉంటుందా? ఏడుపు గొంతు పెద్దదా? పేరు మాత్రం పెట్టలేదు. పెడితే పిలవాలనిపిస్తుంది.

పురుడు వెళ్ళింది, పాఠం మళ్ళీ మొదలవుతుందని సంబరపడుతుండగా పెద్దావిడ మూట పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చింది. "బారసాల దగ్గర పడిందిగా, ఇంకా ఇక్కడే కూర్చున్నావేం? రేపే బయల్దేరు. ఇదిగో, మీ ఆవిడకి కాయం. బాలింతకి ఒంటికి మంచిది, నెయ్యి ఎక్కువే వేశా. ఇవి మెత్తటి పాతగుడ్డలు, పిల్లకి కొత్తవి వెయ్యమాకండి. ఈ టోపీ నేనే కుట్టా. వచ్చాక ఎవరి పోలికో చెప్పాలి నాకు!"

మర్నాడు ఆ మూటతో నందిగామలో దిగి, అత్తవారింటికి వెళ్ళి కూర్చున్నాను. అదే, బెంచీ మీద. మిగతా ఆదివారాల్లో పేపరు చదవడం కుదిరేది. ఆ రోజు కుదరలేదు. మూట విప్పాను. గుడ్డలు ఎన్నో ఉతుకులకి పల్చబడి, చేతిలో ఉన్నట్టే తెలియడం లేదు. టోపీ నా పిడికిలికి సరిపోయింది. ఎవరూ చూడకుండా తొడిగి చూశాను. తీసేసి, కాయం ఉండ ఒకటి నోట్లో వేసుకున్నాను. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు. గొంతు భగ్గుమంది. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు. కాయం ఘాటుకేనని ఇప్పటికీ చెబుతుంటాను.

"బాలింత తినాల్సింది మీరు తింటున్నారేంటండీ?"

తలెత్తితే ఎదురుగా షావుకారుగారు. మిరపకాయల బేరానికి వచ్చారట. ఎదురు కొట్లోంచి పొద్దుటి నుంచీ నన్ను చూస్తూనే ఉన్నారట.

నా దగ్గర కథకి ఎప్పుడూ కరువు లేదు. వాళ్ళింట్లో మైల పడిందనో, దారిలో ఆగాననో చెప్పొచ్చు. వరదలో బస్సుని తేల్చినవాణ్ణి. కానీ ఆ కాయం నోట్లోనే ఉంది, మూట ఆయనవైపు జరిపాను. ఆయన పక్కన కూర్చుని టోపీ తీసుకుని చూశారు. అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా మూటలో పెట్టి ముడేశారు.

"బస్సొస్తోంది. పదండి" అన్నారు.

 దారంతా నేను ట్రంకుపెట్టెలో ఏవేం సర్దుకోవాలా అని లెక్కవేసుకుంటూ కూర్చున్నాను. దిగేముందు ఆ మూట ఆయన తన సరుకు సంచిలో కుక్కేశారు. 

పెద్దావిడ అరుగు దిగి వీధిలోకే వచ్చేసింది. "ఇద్దరూ ఒక్క బస్సులోనా! ఏరా, నువ్వూ నందిగామలోనేగా, పాపని చూశావా?"

నేను కాళ్ళకేసి చూసుకుంటున్నాను. షావుకారుగారు గొంతు సవరించుకున్నారు. విడి వాక్యం తప్ప రాయని మనిషి.

"చూశానమ్మా. పాప బాగుంది, తల్లీ బాగుంది, కాయం పెట్టగానే తినేసింది కూడా."

"ఎవరి పోలిక్రా?"

"రంగు తల్లిది. నోరు మాత్రం అచ్చంగా మేష్టారిదే!"

పెద్దావిడ చేతులు తిప్పి మెటికలు విరిచి నాకు దిష్టి తీసింది. నేను గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాను. ట్రంకుపెట్టె కదపాల్సిన పని లేకపోయింది. కాసేపటికి గోడ అవతల ఆవిడ పొరుగింటావిడతో చెప్పడం వినపడింది. మా వాడు చెబుతున్నాడు, జుట్టు ఒత్తుగా ఉందట, పిడికిలి విప్పనే విప్పదట అని. గోడకి దగ్గరగా జరిగి, చెవి ఆనించి కూర్చున్నాను.

"నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందట!"

ఆ సొట్ట సంగతి నాకూ అప్పుడే తెలిసింది.