నలభై రెండో మెట్టు

మా డాక్టరమ్మ దేన్నైనా మూడుసార్లు లెక్కపెడుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఆవిడ గురించి చెప్పాల్సింది ఇంతే. మిగిలిన కథంతా ఇందులోంచి పుట్టిందే.

ఆసుపత్రిలో మా ల్యాబు రెండో అంతస్తులో ఉంది. కింద నుంచి నలభై రెండు మెట్లు. నన్ను నిద్రలో లేపి అడిగినా ఈ సంఖ్య చెబుతాను. పొద్దున్నే ఆవిడ సంచీ భుజాన తగిలించుకుని, పెదాలు కదుపుతూ ఎక్కుతుంది. ముప్ఫయ్యో మెట్టు మీద కొత్త నర్సు ఎవరైనా తెలియక "గుడ్ మార్నింగ్ మేడమ్" అందా, అంతే సంగతులు. ఆవిడ నవ్వి, తలూపి, వెనక్కి తిరిగి కిందిదాకా దిగి, మళ్ళీ "ఒకటి" అంటుంది. అందుకని మర్యాద తెలిసినవాళ్ళెవరూ ఆవిణ్ణి మెట్ల మీద పలకరించరు. మర్యాద లేనివాడు ఒక్కడున్నాడు. లిఫ్టు బాబాయి. ఆయన సంగతికే వస్తున్నాను.

ఇంట్లో కూడా ఇదే వరస. ఆవిడ భర్త బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి మానేసిన మనిషి. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకొచ్చి, ఆవిడ మైక్రోస్కోపు మీంచి తలెత్తేదాకా గుమ్మం బయట నిలబడతాడు. ఓసారి తన నున్నటి తల తడుముకుంటూ నాతో అన్నాడు.

"పెళ్ళైన కొత్తలో నా జుట్టు లెక్కపెడతానందోయ్. ఆ భయానికే ఊడిపోయింది."

"ఇప్పుడు పని తేలికైందన్నమాట."

"పదకొండున్నాయి. పొద్దున సరిచూసింది. మూడుసార్లు."

నా చొక్కా కూడా ఆవిడ లెక్కలోంచి తప్పించుకోలేదు. "అబ్బాయ్, నిన్న నీకు ఏడు గుండీలు, ఇవాళ ఆరు. ఇంటికెళ్ళి కుట్టించుకో" అని నలుగురి ముందూ అనేది.

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. పగలంతా ఆవిడ లెక్కపెట్టేవి మాత్రం నవ్వే సంగతులు కావు.

ఊపిరితిత్తిలో గడ్డ ఉన్నవాళ్ళకి డాక్టర్లు సూది గుచ్చి చిన్న ముక్క లాగుతారు. బియ్యపుగింజలో సగం ఉంటుంది. దాన్ని మైనంలో పెట్టి దిమ్మ చేస్తాం. ఆ దిమ్మని వెంట్రుక కంటే సన్నటి రేకులుగా కోయడం నా పని. రేకుని గాజుపలక మీద పరిచి రంగు వేస్తే, ఆపైన డాక్టరమ్మ చూస్తుంది.

క్యాన్సరు కణాల్లో కొన్ని మహా గడుసువి. ఒంట్లో కాపలా తిరిగే కణాలు ఎదురైతే "మేమూ మీవాళ్ళమే" అన్నట్టు ఒక గుర్తు చూపించి జారుకుంటాయి. మా రంగు ఆ గుర్తుని గోధుమరంగులో పట్టిస్తుంది. వందలో ఎన్నింటికి ఆ గుర్తుందో ఆవిడ లెక్క తేల్చాలి. సగం, ఆపైన ఉంటే, ఆ గుర్తుని చెల్లకుండా చేసే కొత్తమందు ఒక్కటే ఇచ్చి చూడొచ్చు. తక్కువైతే ఒళ్ళు హూనం చేసే పాతమందులూ కలపాలి. అసలు పలక మీద క్యాన్సరు కణాలు వందైనా లేకపోతే ఆ లెక్కే చెల్లదు. "సరిపోలేదు" అని రాసి పంపాలి. అంటే మళ్ళీ సూది.

నేనూ ఆ కటకంలోంచి చాలాసార్లు చూశాను. ఊదారంగు సంధ్యలో ఎవరో ఒక్కొక్కటే దీపాలు వెలిగించుకుంటూ పోయినట్టుంటుంది. చాలా అందంగా ఉంటుంది. అందుకే అసహ్యం వేస్తుంది.

ఇంకో పిచ్చి కూడా చెప్పాలి. దిమ్మని యంత్రానికి బిగించాక, ముఖం చదునయ్యేందుకు పైపొర నాలుగైదు రేకులు చెక్కి పారేస్తారు. లోకంలో అందరూ పారేస్తారు. మా దగ్గర పారెయ్యకూడదు.

"ఎన్ని చెక్కావు?"

"ఐదండీ."

"పలకల మీద నాలుగే ఉన్నాయి."

"ఒకటి బుట్టలో పడిందండీ."

"తియ్యి."

పట్టకారు పట్టుకుని చెత్తబుట్టలో తల దూర్చి, మైనం పొట్టులో ఆ ఒక్క పొర వెతకాలి. తల ప్రాణం తోకకొచ్చేది. దొరికాక దానికి కూడా ఓ పలక, ఓ అంకె, సొరుగులో ఓ చోటు. రంగు వెయ్యం, చూడం, ఊరికే దాస్తాం. నాకు ఒళ్ళు మండి ఒకరోజు అడిగేశాను.

"ఇంట్లో పెన్సిలు చెక్కు కూడా దాస్తారా మేడమ్?"

"దాస్తాను నాయనా. మా ఆయన పారేస్తాడు."

ఇక లిఫ్టు బాబాయి. పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టులో స్టూలేసుకుని కూర్చున్న మనిషి. నోట్లో నువ్వుగింజ నానదు. పెద్దాసుపత్రిలో ఆయన మొయ్యని మనిషి లేడు, ఒక్క డాక్టరమ్మ తప్ప. అదే ఆయన మనసులో ముల్లు.

"నా లిఫ్టుకేం రోగం డాక్టరమ్మా? మంత్రులెక్కారు, శవాలెక్కాయి. ఒక్కరూ వంక పెట్టలేదు."

"లిఫ్టులో లెక్కపెట్టడానికి ఏముందయ్యా? ఒకటి, రెండు. అయిపోయింది."

దానికి ఆయన కక్ష తీర్చుకునే పద్ధతి ఒక్కటే. రోజూ ఆవిడ సరిగ్గా ముప్ఫయ్యో మెట్టు మీద కాలుపెట్టగానే, కింద నుంచి, ఒకే ఊపిరిలో, గోడలు అదిరేలా "నమస్కారం డాక్టరమ్మా!" అనేవాడు. ఆవిడ దిగొచ్చేది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఎలుక మాత్రం ఒక్కరోజూ విసుక్కోలేదు.

ఒక సోమవారం అలాగే దిగొచ్చింది. దిగొచ్చి, ఎక్కలేదు. లిఫ్టు ముందు నిలబడింది.

"మళ్ళీ అను."

"ఏంటండీ?"

"నమస్కారం. మళ్ళీ అను."

అన్నాడు. "మళ్ళీ" అంది. మళ్ళీ అన్నాడు. చుట్టూ జనం నవ్వుతున్నారు.

"మూడుసార్లు అన్నావు. మూడుసార్లూ మధ్యలో దగ్గావు. రెండు నెలల కిందట ఒక్క దగ్గూ లేదు. పోయిన నెల ఊపిరి రెండు ముక్కలైంది, ఇప్పుడు మూడు. పద."

"ఎక్కడికండీ?"

డాక్టరమ్మ లిఫ్టులోకి అడుగుపెట్టింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. జనం నవ్వడం మానేశారు.

"ఆరో అంతస్తు. ఎక్స్‌రే" అంది.

బాబాయి బొత్తాం నొక్కిన వేలు చాలాసేపు దానిమీదే ఉండిపోయింది.

గడ్డ బయటపడింది. సూదితో ముక్క తీస్తుంటే ఊపిరితిత్తికి చిల్లుపడి, పక్కటెముకల మధ్య గొట్టంతో నాలుగురోజులు పడుకున్నాడు. ఇంకోసారి సూది గుచ్చితే మనిషి దక్కడని చికిత్స చేసే డాక్టరు తేల్చేశాడు. అప్పటికే గుండె నీరసించింది, పాతమందులకి తట్టుకోదు. ఇక మిగిలింది కొత్తమందు ఒక్కటే. అది ఇవ్వాలంటే మా లెక్క కావాలి. ఆ లెక్కకి ఉన్నది ఆ సగం బియ్యపుగింజే.

దిమ్మ నేనే కోశాను. చెయ్యి వణక్కూడదని ఊపిరి బిగబట్టాను. నేర్చుకోవాలని ప్రతి పలకా ముందు నాచేతే లెక్కపెట్టించడం ఆవిడ అలవాటు. చూశాను. దీపాలే దీపాలు. ఎగిరి గంతేయబోయాను.

"నూట ఎనిమిదండీ! అరవై గోధుమరంగు!"

ఆవిడ కుర్చీలాక్కుంది. నేను గుమ్మం దగ్గర కాపలా నిలబడ్డాను. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

"తొంభై ఒకటి."

"లేదండీ, నూట ఎనిమిది."

"అందులో పదిహేడు ఊడ్చే కణాలు. చచ్చిన కణాల్ని మింగి శుభ్రం చేసేవి. వాటికీ గోధుమరంగు పడుతుందని నీకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. బాబాయి ముక్క అనేసరికి నీ కళ్ళకి అందరూ చుట్టాల్లాగే కనపడ్డారు."

బయట మెట్ల పక్క బెంచీ మీద పిన్ని, అంటే బాబాయి భార్య, పొద్దున్నుంచీ కూర్చునుంది. ఒళ్ళో ఆయన కంబళి మడత.

"తొమ్మిదే కదండీ తక్కువ" అన్నాను గొంతు తగ్గించి. "వంద అని రాసేస్తే ఎవరు చూస్తారు?"

"మందు చూస్తుంది. దానికి సిఫారసులు తెలీవు నాయనా. ఇవాళ తొమ్మిది అప్పిస్తే, రేపు నా లెక్క ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను."

"అయితే సరిపోలేదని రాసేస్తారా?"

ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుంది. రెండోసారి తుడుచుకుంది. మూడోసారి తుడుస్తూ, "దిమ్మలో ఇంకేమైనా ఉందా?" అంది.

"వట్టి మైనమండీ. అడుగంటిపోయింది."

"ఎన్ని చెక్కావు?"

"ఐదు."

"దాచినవి?"

సొరుగు లాగాను. భక్తి ఉండి కాదు, ఒట్టి భయానికే ఆవేళ ఐదూ దాచాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆవిడలాగే మూడుసార్లు లెక్కపెట్టాను.

రంగు పట్టడానికి నాలుగు గంటలు. మధ్యలో పిన్ని లేచొచ్చి గుమ్మం పట్టుకుంది.

"ఏమైనా తేలిందా నాయనా?"

"ఇంకా లేదు పిన్నీ."

"ఆయన అడగమన్నాడు. డాక్టరమ్మ లెక్కలో ఉన్నానా, తీసేసిందా అని." నవ్వబోయి, కంబళితో మొహం తుడుచుకుంది.

మొదటి రెండు పొరల్లోనూ మైనం తప్ప ఏమీ లేదు. మూడోదాంట్లో నెత్తుటి మరక. నాలుగోది ఒక అంచు ముడతపడి ఉంది. ఆవిడ దానిమీద వంగి, ఇక కదల్లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. సరిగ్గా అప్పుడే డ్రిల్లు మాస్టారు క్యారియర్‌తో వచ్చి "ఏమేవ్..." అనబోతే, ఎగిరి ఆయన నోరు మూశాను. పెద్దాయన నోరు మూయడం తప్పే. ఆయన నా చేతి వెనకనుంచి కళ్ళతోనే "ఎన్నోది?" అని అడిగాడు. మూడు వేళ్ళు చూపించాను. ఇద్దరం అలాగే నిలబడిపోయాం.

"నూట పద్నాలుగు" అంది డాక్టరమ్మ. "ముందటి తొంభై ఒకటీ కలిపి, ఊడ్చేవాళ్ళని వదిలేసి. అరవై మూడు గోధుమ. వందకి యాభై అయిదు."

లోకంలో అందరూ పారేసే పొర అది.

అంతా సుఖాంతమైపోయిందనుకోకండి. ఆ మందు సగంమందికి కూడా పనిచేయదు. మిగతావాళ్ళకి ఎందుకు చేయదో ఎవరికీ సరిగా తెలీదు. మూడువారాలకోసారి బాబాయి నరంలోకి అది చుక్కచుక్కగా దిగేది. ఒంటి నిండా దద్దుర్లు, నడవనివ్వని నీరసం. ఈలోపు ఆసుపత్రివాళ్ళు లిఫ్టులోంచి స్టూలు తీసేశారు. ఎక్కినవాళ్ళే బొత్తాలు నొక్కుకుంటున్నారు. లిఫ్టులో మాట అన్నదే లేకుండా పోయింది.

ఆ నాలుగు నెలలూ డాక్టరమ్మ మెట్లు ఏకబిగిన ఎక్కింది. ఒక్కరోజూ వెనక్కి దిగలేదు. ముప్ఫయ్యో మెట్టు దగ్గర మాత్రం కాస్త నెమ్మదించేది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే దిగాల్సొస్తుంది కదా.

నాలుగు నెలలకి తీసిన ఫోటోలో గడ్డ సగమైంది. పోలేదు, సగమైంది. ఆ తర్వాతి మందు రోజున నేను డాక్టరమ్మ వెనకే మెట్లెక్కుతున్నాను. ఇద్దరం పైకి చేరాం. ఆవిడ నలభై రెండో మెట్టు మీద నిలబడి, సంచీలో తాళంచెవి వెతుక్కుంటోంది.

కింద ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు. ఆ తర్వాత ఒక్కో ముక్కే కూడదీసుకుంటూ, "నమస్కారం... డాక్టరమ్మా!"

వంగి చూశాను. పిన్ని భుజం పట్టుకుని బాబాయి. చొక్కా ఆయనది కాదన్నట్టు వేలాడుతోంది. పైకి చూసి మొహం వేలాడేశాడు.

"అయ్యో, అయిపోయాయా మెట్లు? ఆలస్యం చేశాను. ఊపిరి అందలేదండీ."

డాక్టరమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది.

"ఎక్కడయ్యా! ఇది నలభై ఒకటి. ఇంకోటుంది. మొత్తం చెడగొట్టావు."

నేను ఆవిడ పాదాలకేసి చూశాను. వాటి ముందు ఇంకో మెట్టు లేదు. ల్యాబు తలుపుంది.

ఆవిడ నన్ను చూడకుండా తాళంచెవి నా చేతిలో పడేసి, దిగడం మొదలుపెట్టింది. కింద బాబాయి నవ్వుతున్నాడు, నవ్వుతూ దగ్గుతున్నాడు. "చూశావే, నా దెబ్బ!" అని పిన్నితో అంటున్నాడు.

"మళ్ళీ అను" అంది ఆవిడ కిందికి చేరి.

"నమస్కారం డాక్టరమ్మా."

"ఒక దగ్గు. ఒక్కటే." తలూపి, సంచీ సర్దుకుని, వెనక్కి తిరిగింది. "ఒకటి."

నేను పైన నిలబడి చూస్తున్నాను. రెండు, మూడు, పది, ఇరవై. ముప్ఫయ్యో మెట్టు మీద ఆవిడ ఆగింది. వంగి, సరిగ్గానే ఉన్న చెప్పుని సరిచేసుకుంటూ, వెనక్కి చూడకుండా నిలబడింది.

కింద బాబాయి తాపీగా ఊపిరి పోగేసుకుంటున్నాడు.