ముందు నడిచినామె

పోలీసు యాక్షన్ తర్వాత వచ్చిన శివరాత్రి వెళ్లిన వారం అది. మిర్యాలగూడలో మా ఆయనా నేనూ సూర్యాపేట బస్సు కోసం కూర్చున్నాం. పక్కనే అడవిదారిన శ్రీశైలం నడిచి వెళ్లి వస్తున్న ఆలుమగలు. అతను ఆమె పాదం ఒళ్లో పెట్టుకుని ముల్లు తీస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

“గింతమందిల మొగనితోని కాళ్లు పట్టిచ్చుకుంటున్నవ్, సిగ్గనిపిస్తలేదా పిల్లా?” అన్నాను.

ఆమె నవ్వింది. “పొద్దంతా నడుసుడు, పొద్దూకితే మూడు రాళ్లు పెట్టి వండుకునుడు. అడవంతా నేనే ముంగట నడిసిన అక్కా. ముండ్లన్నీ నాకే ఇరిగినయ్.”

“ఆడదానివి, ముంగట నడిసినవా?”

“ఆయన ముంగటుంటే ఎనుక నేను ఉరకాలె. నేను ముంగటుంటే ఆయనే నా నడక నడుస్తడు.”

సూర్యాపేటలో దిగగానే మా ఆయన ఎప్పటిలాగే ముందు నడిచాడు. ఎక్కడ వెనక్కి చూస్తాడో చూద్దామని నేను బస్సు దగ్గరే నిలబడ్డాను. ఆయన సందు మలుపు తిరిగిపోయాడు.