అంచు మీది పేరు

జనవరి వస్తే మా షాపంతా పాలిష్ వాసన. ముక్కు మండించే ఆ వాసన తగలగానే నాకు గుర్తొచ్చేది పరేడ్ కాదు, నూకరాజు గారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సిపాయిల మెడళ్లకు రిబ్బన్లు కుట్టే పని నాది. భర్త పోయాక పట్టిన సూది ఇంకా వదల్లేదు. మా దగ్గరికి వచ్చేదంతా మిలిటరీ వాళ్లే. ఆయనొక్కరే సముద్రం మనిషి. భీమిలి దగ్గర పుట్టి, సరుకు ఓడల మీద బతికి, చివరికి ఇక్కడికి దగ్గర్లోని యాప్రాల్‌లో ఒక్క గదిలో చేరారు. ఇంత దూరం ఎందుకొచ్చారంటే, అలల చప్పుడు వినపడని ఊరు కావాలనేవారు.

మొదటిసారి వచ్చినప్పుడు గాజు బల్ల మీద రెండు మెడళ్లు పెట్టారు. తుఫానులో మునిగిపోతున్న ఓడ నుంచి మనుషులను కాపాడినందుకు ఇచ్చినవి. ఒకటి తనది, రెండోది తనతో పాటు పడవలో దిగిన అప్పన్నది. అప్పన్న తిరిగి రాలేదు. మెడల్ ఇంటికి చేరేసరికి వాళ్లమ్మా లేదు. తనదానికి పాత రిబ్బనే ఉంచి, అప్పన్నదానికి కొత్తది వెయ్యమన్నారు.

“సచ్చిపోయినాయనకు కొత్తదెందుకు సారూ? పెట్టుకునేది మీరు గదా?” అన్నాను. నా నోరంతే.

“ఆడెప్పుడూ నా పాత చొక్కాలే తొడిగేడు సెల్లీ. ఇదైనా కొత్తది ఉండనీ.”

తీరా చూస్తే నేను తారుమారు చేశాను. కొత్త రిబ్బన్ ఆయనదానికే కుట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని అంచు తిప్పి చూసి, “ఇది నాది గదేటి?” అన్నారు.

“రెండూ ఒక్కతీరే ఉన్నయి. నాకేం ఎరుక?”

“అంచు మీద పేరుంది గదా.”

“ఉంటే ఉండనీయుండ్రి. నాకు సదువు రాదు.”

కోప్పడతారనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నారు. అప్పన్న పేరు ఇంగ్లీషులో ఉంది. ఏ, పీ, ఎన్: మూడు అక్షరాలు తెలిస్తే చాలు, పేరంతా వచ్చేస్తుంది. గోరుతో ఆ గీతలు దిద్ది చూపించారు. అప్పటికే నా తల ముగ్గుబుట్ట. సొంత పేరు రాయడం రాకముందే, ఎన్నడూ చూడని మనిషి పేరు చదవడం వచ్చింది.

రిబ్బన్లు మార్చి కుట్టిచ్చాక, పని లేకపోయినా బస్సెక్కి వచ్చేవారు. ఆ మెడల్ తెచ్చి అదే పేరు చదివించేవారు, చాయ్ తాగి వెళ్లిపోయేవారు. ఒకరోజు విసుగొచ్చి అడిగాను, “నాకు నేర్పితే మీకేమొస్తది?”

“నా తరవాత ఆడి పేరు సదివీవోలు ఎవలున్నారు? ఆ రోజు పైకొచ్చినోలు దుప్పట్లడిగారు, టీ అడిగారు. పడవ నెట్టినోడు ఎవుడని ఒక్కడూ అడగనేదు.”

“సలికి వణికేటోళ్లు పేర్లడుగుతరా సారూ?”

ఆయన ఖాళీ కప్పు నా వైపు జరిపారు. “అదీ నిజమేలే,” అన్నారు. ఓదార్చడం నాకు చేతకాదు. కప్పు కడగడానికి లేచాను.

ఒక ఏడాది ఆగస్టు వచ్చినా ఆయన జాడ లేదు. నేనే యాప్రాల్ వెళ్లాను. గదిలో వేరేవాళ్లు ఉన్నారు. ఆయన పోయి నెల దాటిందట. ఎవరో బంధువు వచ్చి సామాను తీసుకుపోయాడని ఇంటి ఓనరమ్మ చెప్పింది. మెడళ్ల సంగతి అడిగాను.

“డబ్బాల ఏవో బిళ్లలుండె. కొంటవా ఏంది?” అంది.

ఎటు పోయాయో అవి, నాకు మళ్లీ కనపడలేదు. మిగతా అక్షరాలు, తర్వాత తెలుగూ, షాపులో కూర్చునే, వచ్చినవాళ్లను అడిగి నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరి మెడల్ వచ్చినా అంచు మీది పేరు పైకి చదవందే సూది ఎత్తను. “అమ్మా, నా పేరు నాకెరుకే,” అని కుర్ర సిపాయిలు నవ్వుతారు. నవ్వనీ. ఇంటికెళితే మాట్లాడే మనిషి లేదు గనక, షట్టరు దించేముందు అప్పన్న పేరూ, నూకరాజు పేరూ ఇక్కడే పలుకుతాను. తన పేరు మాత్రం ఆయన నాకు నేర్పలేదు. అక్షరాలన్నీ వచ్చాక అది నేనే కూడబలుక్కున్నాను.